లెక్కలో లేని ఎనభై లీటర్లు

అక్టోబరు మొదటి వారం. ఉదయం ఏడున్నర. కొచ్చి రేవులో సన్నగా వాన పడుతోంది. కిట్‌బ్యాగు భుజాన వేసుకుని, పడవలు కట్టే జెట్టీ చివరిదాకా నడిచాను. అక్కడ కట్టేసి ఉన్నది యుద్ధనౌక కాదు. యాభై ఆరు అడుగుల తెరచాపల పడవ. మన మదనపల్లె బస్సుకు ఒకటిన్నర రెట్లు పొడవు. అందులో ఆరుగురం ఆరు నెలలు ఉండాలి.

అప్పటికి నౌకాదళంలో నాది పదమూడో ఏడు. ఇంజన్ మెకానిక్‌ని. అంతవరకూ పనిచేసినవన్నీ పెద్ద ఓడలు. ఇంజన్ గదిలోకి దిగితే సముద్రం కనబడేదే కాదు. ఈ పడవ మీద వంగి చెయ్యి చాపితే నీళ్ళు తగులుతాయి. నాకు భయం వేసింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

స్కిప్పర్, అంటే పడవకు పెద్ద, డెక్ మీద కూర్చుని తాడు చుడుతున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"ఏ ఊరు?"

"మదనపల్లె అవతల తంబళ్లపల్లె సార్."

"సముద్రానికి ఎంత దూరం?"

"మాకు నీళ్ళే చాలా దూరం సార్. వెయ్యి అడుగులు బోరు వేసినా దుమ్మే వస్తుంది."

ఆయన నవ్వలేదు. "అయితే తాగే నీళ్ళు నీ చేతిలో పెడతాను. విలువ తెలిసినవాడివి" అన్నాడు. ఇంజను, బ్యాటరీలు, పంపులు ఎలాగూ నావే. నీళ్ళు కూడా నా పనిలో చేరాయి.

స్కిప్పర్, నావిగేటర్, వంటాయన, తెరచాపలు చూసే ఇద్దరు, నేను. ఇదీ మా దండు. తెరచాపల ఇద్దరిలో ఒకడిది కుప్పం. మిగతావాళ్ళతో మాటలన్నీ హిందీలోనే జరిగేవి. మీకోసం తెలుగులో రాస్తున్నాను. కుప్పం వాడితో మాత్రం మన మాటే.

"యాడన్నా మీది?" అన్నాడు మొదటి రోజు.

చెప్పాను.

"సరిపోయింది పో. సముద్రం మీద ఇద్దరు మెట్టోళ్ళు. పడవకు మడక కట్టేస్తామేమో సూడు" అన్నాడు. మడకంటే మా వైపు నాగలి.

మాకు వచ్చిన ఆజ్ఞ పెద్దదేమీ కాదు. ఆగుతూ ఆగుతూ కేప్‌టౌన్ వెళ్ళాలి. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం కొచ్చిదాకా ఎక్కడా రేవు పట్టకూడదు. మధ్యలో ఒక్క రేవులో తాడు వేసినా ప్రయాణం విఫలమైనట్టే. ఆగకుండా వస్తే మరుసటి ఏడు ఇదే పడవ మీద ప్రపంచం చుట్టి రావచ్చు. దానికి మెకానిక్‌గా నా పేరు రాస్తానని స్కిప్పర్ జనవరిలోనే చెప్పాడు. ఆ సంతోషంలో ఇంజనంతా మళ్ళీ తుడిచాను. పోయేటప్పుడు పట్టిన మూడు నెలల్లో ఆ పడవ మీద నాకు ప్రేమ పుట్టింది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు? ఏ బోల్టు ఎప్పుడు కిర్రుమంటుందో నిద్రలో కూడా తెలిసేది.

ఫిబ్రవరి రెండో వారంలో కేప్‌టౌన్ వదిలాం. ఉదయం తొమ్మిది. పడమటి గాలి. మూడు వందల లీటర్ల నీళ్ళ ట్యాంకులు రెండు. ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం ఒకటి. అది రోజుకు రెండు గంటలు ఆడితే మాకు సరిపడా నీళ్ళు వచ్చేవి. అందుకని బరువు తగ్గించడానికి ట్యాంకులను సగమే నింపి ఉంచేవాళ్ళం.

నేను చేసిన పని ఇక్కడ చెప్పాలి. మా వైపు ఎండాకాలంలో ఆడవాళ్ళకు ఒక అలవాటు. ట్యాంకరు వచ్చిన రోజు ఉన్న బిందెలన్నీ నింపుతారు. ఒక్క బిందెను మాత్రం వేరుశనక్కాయల గోతాల వెనక పెట్టి పైన పాత దుప్పటి కప్పుతారు. ఇంట్లో ఎవరికీ చెప్పరు. అడిగితే నీళ్ళు లేవంటారు. ట్యాంకరు రాక, గొర్రెలు అరుస్తూ నిలబడిన రోజున ఆ బిందె బయటికి వస్తుంది. "ఉండాదని తెలిస్తే అయిపోతాది నాయనా" అనేది మా అమ్మ. ఆ మాట నాకు ఉగ్గుపాలతోనే అబ్బింది. కేప్‌టౌన్‌లో బయలుదేరే ముందు రోజు ఇరవై లీటర్ల క్యాన్లు నాలుగు నింపాను. పడవ ముందు భాగంలో, అదనపు తెరచాపల సంచుల వెనక, తాళ్ళతో బిగించాను. సామాన్ల జాబితాలో రాయలేదు. ఎవరికీ చెప్పలేదు. మంచి పని చేశాననే అనుకున్నాను.

మొదటి పద్దెనిమిది రోజులు గాలి మమ్మల్ని తరుముకొచ్చింది. దక్షిణంగా ముప్పై ఎనిమిదో డిగ్రీ దాకా దిగి తూర్పుకు పోయాం. అలలు ఇంటి మిద్దె ఎత్తున లేచేవి. మూడు పొరల ఉన్ని, పైన రబ్బరు కోటు, నడుముకు తాడు. నాలుగు గంటలు కాపలా, నాలుగు గంటలు పడక. తడిసిన చేతి తొడుగులు ఆరేవి కావు. అల మీంచి దిగినప్పుడల్లా పడవ ముక్కు నీళ్ళలోకి పొడుచుకుపోయేది.

"ముందు బరువు ఎక్కువైంది. నా లెక్క ప్రకారం ఇలా ఉండకూడదు" అని నావిగేటర్ రెండుసార్లు గొణిగాడు. కుప్పం వాడు, వాడి జోడీ కలిసి లంగరు గొలుసును వెనక్కి మోశారు. అరగంట పని. నేనూ ఒక చెయ్యి వేశాను. నోరు మాత్రం విప్పలేదు.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం రెండూ ఇరవైకి నీళ్ళ యంత్రం శబ్దం మారింది. వెంటనే ఆపాను. విప్పి చూస్తే పంపులోని పింగాణీ కడ్డీ నిలువునా చీలిపోయి ఉంది. నీళ్ళు కారకుండా ఆపే రబ్బరు సీళ్ళు నా దగ్గర ఆరు ఉన్నాయి. కడ్డీ ఒక్కటీ లేదు. బంక పెట్టి, గట్టిపడ్డాక ఆడించాను. నాలుగు నిమిషాలు నిలిచింది. మళ్ళీ చేశాను. రెండు నిమిషాలు. మూడోసారి చేసేలోపు కడ్డీ ముక్కలు చేతిలోకి వచ్చాయి. స్కిప్పర్‌తో "ఇక ఇది ఆడదు సార్" అన్నాను. వృత్తిలోకి వచ్చాక ఆ మాట అనడం అదే మొదటిసారి.

మర్నాడు ఉదయం ఎనిమిదికి ట్యాంకులు కొలిచాను. రెండు వందల అరవై రెండు లీటర్లు. వంటగది పక్కనున్న తెల్ల బోర్డు మీద ఆ అంకె వేశాను. అందరం దాని ముందు నిలబడ్డాం.

"మనిషికి రోజుకు రెండు లీటర్లు. అంతకన్నా తగ్గించను. ముందు ఉన్నది ఎండ ప్రాంతం" అన్నాడు స్కిప్పర్. "నావిగేటర్, ఎన్ని రోజులు?"

"గాలి ఉంటే ఇరవై నాలుగు. గాలి పడిపోతే చెప్పలేను. నాలుగు రోజులు అదనంగా వేసుకోవాలి."

"ఇరవై ఎనిమిది రోజులకు మూడు వందల ముప్పై ఆరు కావాలి. డెబ్బై నాలుగు తక్కువ." ఆయన మా ముఖాల వైపు చూడలేదు. బోర్డునే చూస్తున్నాడు. "రేపు మధ్యాహ్నం పన్నెండు దాకా చూస్తాను. వాన పడితే సరే. లేకపోతే పడమటికి తిప్పి మారిషస్ రేవు పడతాం. పన్నెండుకు కొచ్చికి సందేశం పంపుతాను."

క్యాన్ల మాట నాలుక కొసదాకా వచ్చింది. ఆగిపోయింది. ఇప్పుడే చెబితే అప్పుడే తాగేస్తారు, చివరి వారంలో గొంతులు ఎండినప్పుడు బయటపెట్టవచ్చు అనుకున్నాను. మెట్ట బుద్ధి. స్కిప్పర్ తన దగ్గర ఉన్న అంకెను బట్టే పడవను తిప్పుతాడన్న చిన్న సంగతి నా బుర్రకు ఎక్కలేదు. ఇంకోటి కూడా ఉంది. చెబితే మరుసటి ఏటి ప్రయాణంలోంచి నా పేరు పోతుంది. ఎంత వద్దనుకున్నా ఆ ఆలోచన వచ్చి ముందు కూర్చునేది.

ఇరవై ఒకటో రోజు తెల్లవారింది. మబ్బు తునక లేదు. పదిన్నరకు గాలి తగ్గింది. పెద్ద తెరచాప ఒకటి మార్చాలని కుప్పం వాడు ముందు భాగంలోకి దూరాడు. పది నిమిషాలకు నా పేరు పెట్టి పిలిచాడు. వెళ్ళేసరికి సంచులు పక్కకు తీసి క్యాన్ల ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒకదాని మూత తీసి వాసన చూశాడు.

"నీళ్ళే గదన్నా?"

"నీళ్ళే."

"నువ్వేనా పెట్టింది?"

తలూపాను. వాడు కోప్పడతాడనుకున్నాను. మూత బిగించి, దాని మీదే చెయ్యి ఉంచాడు.

"మా అమ్మా ఇట్లే పెడతాది, బియ్యం మూటల యెనక. నేను తిట్టను. అయితే మా అమ్మ పడవ నడపదు గదన్నా. పన్నెండుకు ఆయప్ప తిప్పేస్తాడు. యాల గమ్మునుండావు?"

"చెబితే నన్ను దించేస్తారు."

"చెప్పకపోతే ఆరుమందిమీ దిగాల. నన్ను చెప్పమంటావా? నేను చెప్పను. నువ్వే చెప్పల్ల. పో."

వాడు నాకన్నా ఆరేళ్ళు చిన్న. వాడి కళ్ళలోకి చూడలేకపోయాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఎన్నిసార్లు విన్నాను. ఇప్పుడు కడగాల్సిన కాలు నాది. క్యాన్లు నాలుగూ మోసుకుని వెనక్కి నడిచాను. రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. పదకొండు దాటి పది నిమిషాలు. అందరూ డెక్ మీదే ఉన్నారు. క్యాన్లను చుక్కాని ముందు వరుసగా పెట్టి అటెన్షన్‌లో నిలబడ్డాను.

"ఎంత?" అన్నాడు స్కిప్పర్.

"ఎనభై లీటర్లు సార్."

"ఎక్కడివి?"

"కేప్‌టౌన్‌వి. నేనే పెట్టాను. జాబితాలో రాయలేదు."

చుక్కానిని నావిగేటర్ చేతికిచ్చి ఆయన నా దగ్గరకు వచ్చాడు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

"ముక్కు బరువెక్కిందని ఈయన మొత్తుకుంటుంటే నువ్వు పక్కనే ఉన్నావు. ఆ అలల్లో ముక్కు మునిగి పడవ తిరగబడి ఉంటే?"

ఆయన వంగి ఒక క్యాను ఎత్తి, బరువు చూసి దించాడు.

"నువ్వు దాచింది నీళ్ళు కాదు. నా పడవ సంగతి నాకు తెలియకుండా దాచావు. కొచ్చిదాకా నీ పని నువ్వు చెయ్యి. కొచ్చిలో దిగాక ఈ పడవ మళ్ళీ ఎక్కవు. అర్థమైందా?"

"అర్థమైంది సార్."

"వెళ్ళి బోర్డు మీద సరైన అంకె వెయ్యి."

నిన్నటి పన్నెండు లీటర్లు పోను మూడు వందల ముప్పై. మిగిలిన ఇరవై ఏడు రోజులకు కావలసినదానికన్నా ఆరు లీటర్లు ఎక్కువ. పన్నెండు గంటలకు పడవ ఉత్తరానికే పోయింది. మారిషస్ వైపు తిరగలేదు. కింద బల్ల మీద కూర్చుని ముఖం చేతుల్లో పెట్టుకున్నాను. సంతోషమో ఏడుపో నాకే తెలియలేదు.

మూడు రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు. వంటాయన కంచం నా ముందు పెట్టేవాడు, అంతే. నేను ఒకటే నిర్ణయించుకున్నాను. పోయింది నా పేరు. ప్రయాణం పోకూడదు. ఈ ఆరుగురూ కొచ్చిలో తమ కాళ్ళ మీద నడిచి దిగాలి. అప్పటి నుంచి నీళ్ళ పని నాకు పూజ లాంటిదైంది. ఉదయం ఆరింటికి ఆరు సీసాలు నింపి పేర్లు రాసి ఇచ్చేవాణ్ణి. అన్నం వండే నీళ్ళు కూడా ఆ వాటాలోంచే. అందుకని మూడో వంతు సముద్రపు నీళ్ళు కలిపేవాళ్ళం, ఉప్పు వేసే పని తప్పేది. స్నానం, కంచాలు కడగడం అన్నీ ఉప్పునీటితోనే. ఒంటి మీద ఉప్పు పేరుకుని, వంగితే చర్మం చిటచిటలాడేది.

నా సీసాలో రోజూ అర లీటరు మిగిల్చి తిరిగి ట్యాంకులో పోశాను. నాకు నేను వేసుకున్న శిక్ష. నాలుగో రోజు స్కిప్పర్ చూశాడు.

"ఏం చేస్తున్నావు?"

"నాకు దప్పిక కాలేదు సార్."

"మళ్ళీ దాచడమే. నీకు కళ్ళు తిరిగి పడిపోతే పంపులెవడు చూస్తాడు? నా ముందే తాగు."

తాగాను. ఆ నీళ్ళు గొంతులో దిగుతుంటే ఆయన అక్కడే నిలబడ్డాడు. ఆ పూట నుంచి మిగతావాళ్ళు కూడా నాతో మాట్లాడటం మొదలుపెట్టారు.

ముప్పై మూడో రోజుకు గాలి పూర్తిగా పడిపోయింది. భూమధ్యరేఖకు కొంచెం కింద. సముద్రం నూనె పోసినట్టు ఉంది. తెరచాపలు వేలాడాయి. డెక్ మీద కాలు పెడితే కాలేది. రోజుకు ముప్పై మైళ్ళు కూడా కదల్లేదు. నావిగేటర్ వేసుకున్న నాలుగు రోజులూ అక్కడే ఖర్చయ్యాయి. ముప్పై ఐదో రోజు మధ్యాహ్నం మూడుకు తూర్పున మబ్బు నల్లబడింది. తెరచాప అడుగును తొట్టిలా కట్టమన్నాను. కుప్పం వాడు కట్టాడు. వాన పడింది. మొదటి బకెట్టులో నీళ్ళు నోట్లో పోసుకుని చూశాను. ఉప్పు. పారబోశాను. రెండోది కూడా పారబోశాను.

"నీకు పిచ్చా?" అన్నాడు వంటాయన.

"తెరచాపకు పట్టిన ఉప్పు కడుక్కుపోవాలి. ట్యాంకులో కలిస్తే ఉన్నవీ పాడవుతాయి."

మూడోది తియ్యగా ఉంది. పదిహేడు నిమిషాల వాన. నలభై ఆరు లీటర్లు. పట్టిన ప్రతి లీటరూ అప్పటికప్పుడే బోర్డు మీదకు ఎక్కింది. వంటాయన నోరు తెరిచి ఆకాశం కిందే నిలబడిపోయాడు. స్కిప్పర్ బోర్డు చూసి తల ఊపాడు.

నలభై ఎనిమిదో రోజు ఉదయం ఆరూ నలభైకి తీరం కనబడింది. అంతకు గంట ముందే వాసన తెలిసింది. తడి మట్టి, పొగ, చేపలు. ఏప్రిల్ నెల మొదలైంది. తొమ్మిదీ యాభై ఐదుకు జెట్టీకి తాడు వేశాం. ట్యాంకుల్లో యాభై రెండు లీటర్లు మిగిలాయి. వాన పడకపోయుంటే ఆరు. ఆ ఎనభై లీటర్లు ముందే జాబితాలో రాసి ఉంటే అన్న ప్రశ్నకు, అసలు పెట్టుకోకుండా ఉండుంటే అన్న ప్రశ్నకు నేను ఇప్పటికీ జవాబు చెప్పను. పెట్టుకోవడం తప్పు కాదు. రాయకపోవడం తప్పు.

జెట్టీ మీద బ్యాండు వాయించారు. మెడలో దండలు వేశారు. తర్వాత మూడు రోజులు పడవ ఖాళీ చేశాం. తెరచాపలు మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, మడిచాం. గొలుసులు, పరుపులు, గిన్నెలు, తాళ్ళు, మిగిలిన పప్పు బస్తా, అన్నీ జెట్టీ మీదకు చేరాయి. రెండో రోజు కొత్త మెకానిక్ వచ్చాడు. ప్రపంచం చుట్టబోయేది అతనే. ఇంజను దగ్గర కూర్చోబెట్టి నాకు తెలిసినదంతా చెప్పాను. ఎడమ పంపు చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తుంది, రెండోసారి తిప్పు. మూడో బ్యాటరీ తీగ వదులవుతుంటుంది, వారానికోసారి చూడు. అతను నోటుపుస్తకంలో రాసుకున్నాడు. నాకు అసూయ కలిగింది. అయినా ఒక్కటీ మిగల్చకుండా చెప్పాను.

పడవ నుంచి అందరికన్నా చివర దిగేది స్కిప్పర్. అది పద్ధతి. మూడో రోజు సాయంత్రం నాలుగింటికి ఆయన పెట్టె పట్టుకుని నాకన్నా ముందు జెట్టీ మీదకు అడుగు వేశాడు.

"సార్, నేనింకా దిగలేదు" అన్నాను.

"అడుగు వాల్వులు ఎవరు మూస్తారు? మెకానికే కదా. మూసి రా."

సముద్రపు నీళ్ళు లోపలికి రాకుండా ఆపే వాల్వులు కింద ఏడు. ఒక్కొక్కటీ చేత్తో తిప్పి బిగించాను. నెమ్మదిగా చేశాను. పైకి వచ్చి వెనక జెండాకు సెల్యూట్ చేసి దిగాను. ఆయన జెట్టీ మీద నిలబడే ఉన్నాడు.

"రిపోర్టులో రాశాను. నువ్వు దాచిందీ రాశాను, నువ్వే తెచ్చి పెట్టిందీ రాశాను" అన్నాడు. చెయ్యి కలిపాడు. ఆయన మాట మార్చుకోలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు ఉదయం నేనూ కుప్పం వాడూ రైలెక్కి సాయంత్రానికి కుప్పంలో దిగాం. ప్లాట్‌ఫారం కాళ్ళ కింద ఊగింది. భూమికి అలవాటు పడటానికి వారం పడుతుంది. ఆ రాత్రికి కుప్పం వాడింట్లో పడుకుని పొద్దున్నే బస్సెక్కాను. పుంగనూరు బస్టాండులో బస్సు మారాలి. గొర్రెల సంతకు వచ్చిన ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. నల్లగా మాడిన నా ముఖమూ పగిలిన పెదవులూ చూశాడు.

"యాడికి పోయింటివప్పా, ఇట్లయితివి?"

"సముద్రం మీదికి పెద్దాయనా. నలభై ఎనిమిది రోజులు నీళ్ళ మీదే."

"అట్లనా. సుట్టూ నీళ్ళే. అదృష్టవంతుడివప్పా. మాకు ఈడ గొర్రెలకు తాపను చెంబెడు లేవు."

నేను నవ్వాను. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు అది. సీసా తీసి ఆయనకు నీళ్ళిచ్చాను. సగం తాగి, మిగతా సగం నాకే ఇచ్చాడు. మదనపల్లె మీదుగా మధ్యాహ్నానికి ఊరు చేరాను.

తర్వాత రెండేళ్ళకు పదవీ విరమణ చేశాను. ఇప్పుడు మదనపల్లెలో బోరు మోటార్లు బాగుచేస్తాను. నిమ్మనపల్లె, పెద్దమండ్యం దాకా పిలుస్తారు. బోరులో ఎన్ని నీళ్ళున్నాయో రైతుకు ఉన్నదున్నట్టు చెబుతాను, వినడానికి చేదుగా ఉన్నా సరే. ఆ పడవ ప్రపంచం చుట్టి వచ్చిందని కుప్పం వాడు ఫోన్ చేసి చెప్పాడు. వాడు వెళ్ళాడు. "ఎడమ పంపు రెండోసారికే తిరుగుతాండాదన్నా, నువ్వు చెప్పినట్టే" అన్నాడు. ఆ పూట నేను పని చెయ్యలేదు.

అలలు ఎంత ఎత్తు, తిమింగలాలు చూశావా అని ఇక్కడ అందరూ అడుగుతారు. చెబుతాను. నా కళ్ళలో ఉండిపోయింది మాత్రం అవి కాదు. వాల్వులు మూసి దిగిన ఆ సాయంత్రం జెట్టీ మీద రెండో కాలు పెట్టి వెనక్కి తిరిగాను. సామాను పోయింది, నీళ్ళు పోయాయి, ఐదుగురూ దిగారు. ఇప్పుడు నేనూ దిగాను. పడవ తేలికై పైకి లేచింది. ఆరు నెలలుగా నీళ్ళ కింద దాని పొట్టకు పట్టిన నాచు నాలుగు వేళ్ళ వెడల్పున పచ్చగా ఎండలోకి వచ్చి కారుతోంది. నా బరువు తగ్గగానే పడవ ఇంకొంచెం లేచింది. రెండుసార్లు అటూ ఇటూ ఊగి సమంగా నిలబడింది.